నాన్నగారి పేరున ఉన్న ఇంటి పన్ను: పేరు మార్పు వేరు, పైఅంతస్తు లెక్క వేరు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుంటూరు కొరిటెపాడులో మీ నాన్నగారు కట్టించిన ఇల్లు. ఆయన పోయి మూడేళ్లు దాటింది. అన్నదమ్ములతో రిజిస్టరు పారిఖత్తు, అంటే ఆస్తి పంపకాల దస్తావేజు, జరిగి ఇల్లు మీ వాటాకు వచ్చింది. నిరుడు మీ పేరున ప్లాను తీసుకుని పైన ఒక అంతస్తు వేసి అద్దెకిచ్చారు. కింద వీధి వైపు గదిలో ఒక టైలరు దుకాణం పెట్టుకున్నాడు. ఇంటి పన్ను మాత్రం ఇప్పటికీ నాన్నగారి పేరునే, పాత లెక్కలోనే వస్తోంది. పేరు మార్పించుకుంటే మొత్తం ఇప్పటి రేట్లకు తిరగరాస్తారని, పన్ను రెండింతలవుతుందని పక్కింటివారు చెప్పారు. అందుకని కదపకుండా ఊరుకుంటే ఏమవుతుందని అడుగుతున్నారు.

మున్సిపల్ రెవెన్యూ విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరైనవాణ్ణి. ఊరుకోవద్దు అన్నదే నా సమాధానం. అయితే పక్కింటివారి మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో తెలిస్తే మిగతా భయం దానంతటదే పోతుంది.

మన రాష్ట్రంలో పేరు మారినంత మాత్రాన పన్ను మారదు. అమ్మినా, గిఫ్టు రాసినా, వారసత్వంగా వచ్చినా ఇంటి పన్ను ఖాతాకిచ్చే అసెస్‌మెంటు నంబరు అదే, కొలతలు అవే, పన్నూ అదే. యజమాని గడిలో పేరు ఒక్కటే మారుతుంది. మీ దస్తావేజులో ఎంత మొత్తం రాసుకున్నారన్నది కూడా పన్ను లెక్కలోకి రాదు. లెక్కకు ఆధారం ఆ ప్రాంతానికి రిజిస్ట్రేషన్ శాఖ కట్టిన విలువ. అది మీకూ అదే, ఇరవై ఏళ్లుగా అదే వీధిలో ఉన్న పక్కింటివారికీ అదే. పన్నును మార్చేవి మూడు: కట్టడం పెరగడం లేదా తగ్గడం, వాడకం మారడం, ప్రభుత్వం విలువలనో రేట్లనో సవరించడం. మీ విషయంలో మొదటి రెండూ జరిగాయి. కాబట్టి పన్ను పెరుగుతుంది. అది పేరు మార్చుకున్నందుకు కాదు, పైన ఇల్లు వేసినందుకు, కింద దుకాణం పెట్టించినందుకు.

మరి జనంలో ఈ భయం ఎక్కడినుంచి వచ్చింది? రెండు చోట్ల నుంచి. పేరు మార్పు అర్జీ పెట్టగానే ఫైలు వార్డు సచివాలయం నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దాకా కదులుతుంది, ఎవరో ఒకరు ఇంటికి వచ్చి చూస్తారు. రికార్డులో ఒక అంతస్తు, కళ్లెదుట రెండు అంతస్తులు కనిపిస్తే ఎవరైనా చూడనట్టు ఎలా పోతారు? పదేళ్ల క్రితం వేసుకున్న గది అప్పుడు బయటపడుతుంది, నింద పేరు మార్పు మీద పడుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. 2021 ఏప్రిల్ 1 నుంచి మన కార్పొరేషన్లలో, మున్సిపాలిటీల్లో పన్ను లెక్క పద్ధతే మారిపోయింది. అంతకుముందు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రావచ్చో అంచనా వేసి దాని మీద పన్ను కట్టేవారు. ఇప్పుడు స్థలం విలువ, కట్టడం విలువ కలిపి మూలధన విలువ తేల్చి, దానిలో ఇంత శాతం అంటున్నారు. నివాసానికైతే 0.10 నుంచి 0.50 శాతం మధ్య, నివాసేతరానికి 0.20 నుంచి 2 శాతం మధ్య ఎక్కడ ఖరారు చేయాలో స్థానిక సంస్థ నిర్ణయించుకోవాలి. కొత్త లెక్కలో చాలామంది పన్ను ఒక్కసారిగా ఎగిరిపోయేది కాబట్టి, కొత్త మొత్తాన్ని చేరేదాకా ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు.

ఈ 15 శాతాన్ని కాస్త నిదానంగా చూడండి. 3,000 రూపాయల పన్ను ఉన్న ఇల్లు అనుకుందాం. ఏటా పూర్తి 15 శాతం చొప్పున పెరిగితే మొదటి ఏడు 3,450, రెండో ఏడు సుమారు 3,968, మూడో ఏడు 4,563, నాలుగో ఏడు 5,247, అయిదో ఏడు 6,034. ఇటుక కదపకుండా, పేరు మార్చకుండా, అయిదేళ్లలో రెట్టింపు దాటింది. ఈ అయిదేళ్లలో మధ్యలో ఎప్పుడో ఇల్లు కొన్నవారికి, తండ్రి పేరు నుంచి మార్చుకున్నవారికి “పేరు మార్చాక పన్ను రెండింతలైంది” అనిపించడంలో వింతేముంది? పక్కింటివారిది అబద్ధం కాదు. కారణం మాత్రం వేరు.

ఇక మీకు నిజంగా తగిలే అంశం. ఆ 15 శాతం పరిమితి పాత అసెస్‌మెంట్లకు ఇచ్చిన ఊరట. కొత్తగా కట్టినదానికి అది వర్తించదు. మీ పైఅంతస్తు మీద మొదటి రోజు నుంచే కొత్త పద్ధతిలో పూర్తి పన్ను పడుతుంది. అందుకే ఒకే వీధిలో ఒకే కొలతల రెండిళ్లకు, ఒకటి 1998లో కట్టినది, ఇంకొకటి నిరుడు కట్టినది అయితే, పన్నుల్లో ఆశ్చర్యపోయేంత తేడా ఉంటుంది. ఆఫీసులో ఎవరో కావాలని చేశారనుకుంటారు. కాదు, పాతది ఇంకా మెట్లెక్కుతోంది, కొత్తది నేరుగా మేడ మీదే ఉంది.

ఇప్పుడు చేయవలసిన పని. ముందు పేరు మార్పు, ఆ తరువాతే అదనపు నిర్మాణం. ఈ వరుస తప్పొద్దు. చాలామంది రెండూ ఒకేసారి పెట్టి ఒకదాని కోసం ఇంకొకదాన్ని ఆపుకుంటారు, లేదా చనిపోయినవారి పేరు మీదే అదనపు నిర్మాణం నమోదు చేయించేస్తారు. అప్పుడు కొత్త పన్ను లెక్క తెలిపే స్పెషల్ నోటీసు నాన్నగారి పేరున వస్తుంది. అందులో కొలత తప్పు పడితే అభ్యంతరం చెప్పడానికి ముందు మీరెవరో నిరూపించుకోవాలి. ప్లాను మీ పేరున, పన్ను ఆయన పేరున ఉంటే ఆ చిక్కు ఇంకా ముదురుతుంది.

పేరు మార్పుకు మీ దగ్గర రిజిస్టరు పారిఖత్తు ఉంది కాబట్టి సగం పని అయినట్టే. దానితోపాటు నాన్నగారి మరణ ధ్రువపత్రం, ఆయనకు ఆ ఇల్లు ఎలా వచ్చిందో చూపే లింకు దస్తావేజు, మీ ఆధార్, తాజా పన్ను రశీదు. బకాయి ఒక్క రూపాయి ఉన్నా అర్జీ ముందుకు కదలదు, కనుక ముందు అది తీర్చండి. పారిఖత్తు లేని వారసులైతే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మిగతా వారసుల సమ్మతి అవసరమవుతాయి. నా అనుభవంలో ఫైళ్లు నిలిచిపోయేది ఎక్కువగా ఆ సమ్మతి దగ్గరే. అన్న అమెరికాలో, చెల్లెలు హైదరాబాదులో, మాటలు బాగానే ఉంటాయి, సంతకం మాత్రం రాదు. అలాంటప్పుడు వారసులందరి పేర్లూ కలిపి మార్పించుకుని తరువాత పంచుకోవడమే దారి. మీకు ఆ బాధ లేదు.

గడువుల సంగతి. మనకు వర్తించే కార్పొరేషన్ల చట్టం 1955లో హైదరాబాదు కోసం చేసినది. దాన్నే 1981లో విజయవాడకు, 1994లో గుంటూరుకు అన్వయించారు. దాని ప్రకారం ఆస్తి చేతులు మారితే ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ 3 నెలల్లోగా కమిషనరుకు తెలియజేయాలి. యజమాని చనిపోతే వారసులు ఏడాదిలోగా చెప్పాలి. మీకు ఏడాది దాటింది. దాటిందని అర్జీ తిప్పి పంపరు, కంగారుపడకండి. కానీ ఆ నిబంధనకు ఇంకో అంచు ఉంది. తెలియజేసేదాకా పన్ను బాధ్యత పాత యజమాని మీదే ఉంటుంది. ఇల్లు అమ్మి చేతులు దులుపుకున్నవారికి నాలుగేళ్ల తరువాత డిమాండు నోటీసు వస్తే కారణం ఇదే. కొన్నవారూ తప్పించుకోలేరు. ఆస్తి పన్ను బకాయి ఆ ఆస్తి మీదే మొదటి భారం, అది ఎవరి చేతిలో ఉంటే వారిని వెంటాడుతుంది. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఈసీలో ఈ బకాయి కనిపించదు. కొనేముందు ఈసీ తీయించేవాళ్లు వందకు వంద మంది, పన్ను బకాయి చూసేవాళ్లు మాత్రం కొద్దిమందే.

ఇప్పుడు పట్టణాల్లో రిజిస్ట్రేషన్‌తోపాటే పేరు మారేలా ఆటో మ్యుటేషన్ వచ్చింది. మంచిదే. అయినా రిజిస్ట్రేషన్ అయ్యాక అసెస్‌మెంటు నంబరు కొట్టి పేరు మారిందో లేదో ఆన్‌లైన్లో మీ కళ్లతో చూసుకోండి. మారకపోతే అర్జీ పెట్టుకోవలసింది మీరే. ఇంకొక మాట. పన్ను రశీదు మీ పేరున ఉన్నంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. మ్యుటేషన్ హక్కును ఇవ్వదని కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. రశీదు చూపించి ఇల్లు నాదేనని వాదించేవాళ్లను చాలామందిని చూశాను. దస్తావేజు లేకుండా అది నిలవదు.

పేరు మారాక రెండో అర్జీ, అదనపు నిర్మాణానిది. ఇక్కడ ఒక్కొక్క గడీ మీరే చదవాలి, బ్రోకరుకు వదలొద్దు. ఫారంలో అంతస్తుకు ఒక వరుస ఉంటుంది. ఏ అంతస్తు, కట్టడం రకం ఏది, వాడకం నివాసమా నివాసేతరమా, ఉండేది యజమానా అద్దెదారా, కట్టిన తేదీ, పన్ను ఎప్పటినుంచి వర్తించాలి, పొడవు, వెడల్పు, ప్లింత్ ఏరియా, ప్లాను నంబరు, ప్లానులో ఉన్న విస్తీర్ణం. మీ పన్నంతా ఈ వరుసలోనే తయారవుతుంది.

ఇందులో నాలుగు చోట్ల జాగ్రత్త కావాలి. మొదటిది తేదీ. పన్ను అర్ధ సంవత్సరాల చొప్పున లెక్క, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. ఇల్లు పూర్తయిన తేదీ సెప్టెంబరు చివరలో పడిందా, అక్టోబరు మొదట్లో పడిందా అన్నదాని మీద ఒక అర్ధ సంవత్సరం పన్ను ఆధారపడుతుంది. మీ దగ్గర కాగితం లేకపోతే అధికారి తనకు దొరికిన తేదీని పట్టుకుంటాడు, సాధారణంగా అది ప్లాను మంజూరు తేదీయో, పైఅంతస్తు కరెంటు మీటరు తేదీయో అవుతుంది. ప్లాను వచ్చాక ఏడాదికి పని మొదలుపెట్టినవారు ఇక్కడే నష్టపోతారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉంటే దాన్నీ, మీ అద్దె ఒప్పందాన్నీ జతచేయండి. చట్టం ప్రకారం కొత్త కట్టడం పూర్తయినా, అందులో ఎవరైనా కాపురం పెట్టినా, ఏది ముందైతే దాని నుంచి 15 రోజుల్లో తెలియజేయాలి. మీరు ఇప్పటికే ఆలస్యం, వెనకటి అర్ధ సంవత్సరాల పన్ను కలిపి వస్తుందని మనసులో అనుకోండి. ఎంత ఆగితే అంత పెరుగుతుంది.

రెండోది కట్టడం రకం. ఆర్‌సీసీ మామూలుది, ఆర్‌సీసీ ఖరీదైనది, మద్రాసు టెర్రసు (చెక్క దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పైకప్పు), మంగుళూరు పెంకు లేదా రేకు, నాటు పెంకు ఇలా రకాలున్నాయి. కొరిటెపాడు, బ్రాడీపేట, అరండల్‌పేట వైపు పాత ఇళ్లలో మద్రాసు టెర్రసు ఇప్పటికీ ఉంది. మీ నాన్నగారు కట్టిన కింది అంతస్తు అలాంటిదైతే, పైన కొత్త స్లాబు వేశారు కదా అని ఇల్లు మొత్తాన్నీ ఆర్‌సీసీ గడిలో పడేయకుండా చూసుకోండి. కింది అంతస్తు వయసు కూడా దానిదే ఉండాలి, పాత కట్టడానికి వయసును బట్టి విలువలో తగ్గింపు ఉంటుంది. రెండు వరుసల్లోనూ ఒకే తేదీ కొట్టేస్తే ఆ తగ్గింపు పోయినట్టే.

మూడోది టైలరు గది. ఇది మీకు అన్నిటికంటే ముఖ్యం. ఆ గది వరకే నివాసేతరం కింద రాయించాలి. గది పన్నెండు అడుగులు, పదడుగులు అయితే 120 చదరపు అడుగులు వేరే వరుసలో, మిగతా కింది అంతస్తు నివాసం కింద ఇంకొక వరుసలో. లేకపోతే వీధిలోంచి చూసి దుకాణం ఉందని రాసుకుపోయి, కింది అంతస్తంతా నివాసేతరం చేసేస్తారు. రేట్ల తేడా ఎంతో పైన చెప్పాను కదా. రేపు టైలరు ఖాళీ చేసి ఆ గది మళ్లీ ఇంట్లో కలుపుకుంటే, వాడకం మారిందని అర్జీ ఇవ్వవలసింది మీరే. గుంటూరులో కోచింగు పిల్లలకు హాస్టల్ పెట్టినవారు, పై వాటా క్లినిక్‌కు ఇచ్చినవారు ఏళ్ల తరబడి నివాసం కిందే కట్టి, తరువాత ఒకేసారి చిక్కుకున్న సందర్భాలున్నాయి. అలాగే హాస్టల్ ఎత్తేశాక కూడా నివాసేతరం కింద కడుతూ పోతున్నవాళ్లున్నారు. వీళ్లను ఎవరూ పిలిచి చెప్పరు.

నాలుగోది విస్తీర్ణం. ప్లింత్ ఏరియా అంటే గోడల మందంతో కలిపి బయటి కొలత. టేపు మీరు ఒక కొస పట్టుకోండి, అక్కడే కాగితం మీద రాసుకోండి. ప్లానులో ఉన్నదానికీ కట్టినదానికీ తేడా ఉంటే అది పన్నులో అపరాధ రుసుముగా కనిపిస్తుంది. ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీల్లో 10 శాతం దాకా అతిక్రమిస్తే పన్ను మీద 25 శాతం, అంతకు మించితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకు, అసలు ప్లానే లేని ఇంటికి 100 శాతం అదనం. అది ఒకసారి కట్టి వదిలించుకునేది కాదు, ఏటా పన్నుతోపాటు వస్తూనే ఉంటుంది. అలా కట్టినంత మాత్రాన అక్రమం సక్రమం అయిపోదని కూడా గుర్తుంచుకోవాలి. మీరు ప్లాను ప్రకారమే వేశానంటున్నారు కాబట్టి మీ వరుసలో ఆ గడి సున్నా ఉండాలి. లేకపోతే వెంటనే అడగండి.

లెక్క తేలాక స్పెషల్ నోటీసు వస్తుంది. ఎన్ని రోజుల్లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చో అందులోనే ఉంటుంది. ఆ గడువు లోపల రివిజన్ పిటిషన్ వేస్తే మళ్లీ కొలిచి, విచారించి తేలుస్తారు. “పన్ను ఎక్కువగా ఉంది, తగ్గించగలరు” అని రాసిన పిటిషన్ దేనికీ పనికిరాదు. “మొదటి అంతస్తు ప్లింత్ ఏరియా 860 అయితే 980గా నమోదైంది, కొలత పటం జతచేశాను” అని రాయండి. అధికారి సరిదిద్దగలిగేది అంకెనే, మీ బాధను కాదు. నోటీసు అందిన తేదీ కవరు మీద రాసిపెట్టుకోండి.

అంతస్తుకు ఒక అసెస్‌మెంటు విడిగా తీసుకోవాలా అని కూడా అడిగారు. ఇద్దరు పిల్లలకు చెరొక అంతస్తు రాసిచ్చే ఆలోచన గానీ, పైది అమ్మే ఉద్దేశం గానీ ఉంటే దస్తావేజు అయ్యాక విడగొట్టించుకోండి. ప్రస్తుతం యజమాని మీరొక్కరే కనుక ఒకే నంబరు చాలు, టైలరు గదితో కలిపి మూడు వరుసలు సరిపోతాయి.

మీ ప్రశ్న కింద విజయవాడ సింగ్‌నగర్ నుంచి ఒకరు, ఖాళీ స్థలంలో ఇల్లు కట్టాక రెండు పన్నులు వస్తున్నాయని అడిగారు. ఇది అక్కడా ఇక్కడా అంతటా ఉన్నదే. స్థలానికి ఖాళీ స్థలం పన్ను కింద ఒక నంబరు ఉంటుంది. ఇల్లు కట్టాక ఇంటికి కొత్త నంబరు వస్తుంది, పాతది రద్దు చేయమని ఎవరూ అడగరు. రెండూ కట్టవలసిన పన్నుల జాబితాలో ఉండిపోయి ఖాళీ స్థలం నంబరు మీద వడ్డీ పెరుగుతూ పోతుంది. ఇంటి అసెస్‌మెంటు వచ్చిన రోజే ఆ నంబరు, దాని చివరి రశీదు జతచేసి రద్దుకు అర్జీ ఇవ్వాలి. పాత ఇల్లు పడగొట్టేవారిదీ ఇదే వరుస. పడగొట్టినట్టు తెలియజేసేదాకా లేని ఇంటికి పన్ను నడుస్తూనే ఉంటుంది. గుంటూరులో 2012లో కలిసిన గోరంట్ల, నల్లపాడు, ఏటుకూరు లాంటి చోట్ల ఇళ్లు కొనేవారు అమ్మేవారి పాత పంచాయతీ రశీదుతో సరిపెట్టుకోక, కార్పొరేషన్ అసెస్‌మెంటు నంబరు అడిగి తీసుకోవాలి.

కట్టే తేదీల మాట కూడా చెప్పి ఆపుతాను. మొదటి అర్ధ సంవత్సరం జూన్ 30లోగా, రెండోది డిసెంబరు 31లోగా. దాటితే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకు అప్పుకంటే ఎక్కువ. ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోగా కట్టేస్తే ఆ ఏటి పన్నులో 5 శాతం రాయితీ. మీ రెండో అర్జీ ఏప్రిల్ దాకా తేలకపోయినా, అప్పటికి కనిపిస్తున్న పాత మొత్తాన్ని కట్టేయండి. పైఅంతస్తు తేడా తరువాత వచ్చి కలుస్తుంది. కరెంటు మీటరు పేరు మాత్రం కార్పొరేషన్ మార్చదు, దానికి విద్యుత్ సంస్థలో వేరే అర్జీ. అక్కడికి పారిఖత్తు నకలుతోపాటు మీ పేరున వచ్చిన కొత్త పన్ను రశీదు కూడా పట్టుకెళ్లండి.